ఫార్మాట్ చేయమంటారా?

అమ్మమ్మ పెదకర్మకి ఫ్రేములో పెట్టడానికి ఫొటో కావాల్సి వచ్చినప్పుడు ఇంట్లో అందరూ నావైపే చూశారు. రెండు నెలల ముందు, 2022 సంక్రాంతికి, మెడలో ఇంత బరువు కెమెరా వేలాడేసుకుని రేపల్లె వీధుల్లో తిరిగినవాణ్ణి నేనే కదా. "పట్టుచీర కట్టుకుని వసారాలో కూర్చుంటే తీశావుగా, అది పంపించరా," అంది అమ్మ. వెతికి చూస్తానన్నాను. వెతకడానికేమీ లేదని నాకు తెలుసు. ఆ ఫొటోలన్నిట్నీ సూర్యలంక బీచ్‌లో నిలబడి నేనే ఫార్మాట్ చేసేశాను. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చివరికి ఆధార్ కార్డు ఫొటోనే పెద్దది చేయించాలని మావయ్య తేల్చాడు. మీలో చాలామంది ఇళ్లల్లో అలాంటి ఫ్రేము ఒకటి ఉండే ఉంటుంది. వెనక తెల్ల గోడ, బెదిరినట్టు తెరుచుకున్న కళ్లు, "కదలొద్దు" అని ఎవరో గదమాయించిన మరుక్షణం మొహం. డెబ్భై ఏడేళ్లు బతికిన మనిషి గోడ మీద అలా మిగిలిపోవడం ఏంటో.

ఇక్కడే ఇంకో సిగ్గుమాలిన సంగతి కూడా చెప్పేస్తాను. ఆ సంక్రాంతికి ఆరు నెలల ముందు నేను రోలాఁ బార్త్ 'కెమెరా లూసిడా' మీద ఒక వ్యాసం రాసుకున్నాను. 1980లో వచ్చిన పుస్తకం. తల్లి చనిపోయాక బార్త్ ఆమె పాత ఫొటోలు వెతుకుతాడు, ఏ ఫొటోలోనూ ఆమె దొరకదు, చివరికి ఆమె ఐదేళ్ల పిల్లగా ఉన్న ఫొటో ఒకదాంట్లో దొరుకుతుంది. పుస్తకంలో ఎన్నో ఫొటోలు వేశాడు గానీ అదొక్కటీ వేయలేదు. ఆ వేయకపోవడం గురించి నేను నాలుగు పేజీలు రాసి, ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఫొటో, మరణం, జ్ఞాపకం అని అంత మాట్లాడినవాడికి, తీసిన ఫొటోల్ని లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకునే ఓపిక మాత్రం లేకపోయింది.

మా అమ్మమ్మకి 1977కి ముందు ఫొటోలు లేవు. అంటే ఉన్నాయి, కానీ లేవు. ఆ ఏడాది నవంబర్ 19న దివిసీమని ముంచిన ఉప్పెన కృష్ణకి అవతలి ఒడ్డున చేసినంత ఘోరం ఇవతల మా ఇంటికి చేయలేదు గానీ, గాలికి పైకప్పు లేచిపోయి ట్రంకు పెట్టె రెండు రోజులు వాన నీళ్లలో నానింది. అందులో చీరల కింద పెళ్లి ఫొటోలు, అమ్మ పుట్టినప్పటి ఫొటోలు ఉన్నాయి. పాత బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ల మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. తడిస్తే అది ఉబ్బి బంకలా అవుతుంది, ఒకదాని మీద ఒకటి పెట్టినవి ఆరాక దిమ్మకట్టేస్తాయి. అమ్మమ్మ మొదట రెండు ఫొటోల్ని విడదీయబోయింది. తాతయ్య మొహం ఊడొచ్చి పై ఫొటో వీపుకి అంటుకుపోయింది. అక్కడితో ఆపేసింది. మిగిలిన దిమ్మని అలాగే ఒక పాత పంచె ముక్కలో చుట్టి నలభై అయిదేళ్లు దాచింది.

ఆ సంక్రాంతికి నేను రేపల్లె వెళ్లింది దానికోసమే. సెకండ్ హ్యాండ్‌లో డీఎస్సెల్లార్ కొన్నాను. ట్రంకు, దిమ్మ, అమ్మమ్మ, ఇల్లు అన్నీ తీసి ఏదన్నా రాద్దామని. హైదరాబాదులో బయల్దేరే ముందు 16 జీబీ కార్డు ఖాళీ చేసి ఫార్మాట్ చేసుకున్నా కూడా. (ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.)

భోగి ముందురోజు పొద్దున కెమెరా తీయగానే అమ్మమ్మ, "ఆగరా అబ్బాయ్, ఈ అవతారంలోనా? మంచి చీర కట్టుకోనీ," అని లోపలికి పోయింది. అరగంటకి ఆకుపచ్చ పట్టుచీరలో వచ్చి, వసారాలో కుర్చీ తనే సరిచేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నలభై దాకా తీశాను. అన్నీ ఇంచుమించు ఒకటే ఫొటో. ఆ తర్వాత చీర మార్చుకుని అరిసెల పనిలో పడింది. పాకం పట్టడం, పిండి కలపడం, నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కడం, మధ్యలో నన్ను తిట్టడం. మధ్యాహ్నం ట్రంకు తెరిచింది. మొత్తం 103 ఫొటోలు.

సాయంత్రం కార్డుని లాప్‌టాప్‌లో పెట్టి చూపించాను. కార్డులోంచే చూపించాను, కాపీ చేయలేదు, రాత్రికి చేద్దాంలే అనుకున్నా. పట్టుచీర ఫొటో రాగానే అమ్మమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా అమ్మలాగా ఉన్నానే," అంది. ఆవిడ అమ్మని మేమెవరం చూడలేదు, ఆ ఫొటో కూడా దిమ్మలోనే ఎక్కడో ఉంది. కార్డు బయటికి తీశాక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇన్ని బొమ్మలూ ఇంతలో పట్టినయ్యా?" అని అడిగి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని కెమెరాలో పెట్టేశాను. రాత్రి కాపీ చేయలేదు. పేకాట.

కనుమ అయ్యాక మావయ్య పిల్లల్ని తీసుకుని కార్లో సూర్యలంక వెళ్లాం. రేపల్లె నుంచి బాపట్ల, అక్కణ్ణుంచి మరో తొమ్మిది కిలోమీటర్లు. నేను ఇంజనీరింగ్ చదివింది బాపట్లలోనే, ఆ నాలుగేళ్లలో ఆ బీచ్‌కి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. వెలుతురు తగ్గిపోతున్నప్పుడు చేరాం. పిల్లలు నీళ్లలోకి పరిగెత్తారు, నేను కెమెరా ఆన్ చేశాను. స్క్రీన్ మీద మెసేజ్: కార్డు తెరవడం కుదరడం లేదు, తీసి మళ్లీ పెట్టండి, లేదా మార్చండి, లేదా ఫార్మాట్ చేయండి.

తీసి పెట్టాను. ఒకసారి వచ్చింది, ఒక ఫొటో తీయబోయేసరికి మళ్లీ పోయింది. ఇంకోసారి తీసి పెట్టాను. ఈసారి మెనూ తెరుచుకుంది. "ఫార్మాట్ కొట్టెయ్ బావా, చీకటి పడిపోతంది," అన్నాడు మావయ్య కొడుకు. కార్డు ఫార్మాట్ చేయమంటారా, డేటా అంతా పోతుంది, అని కెమెరా అడిగింది. ఇలాంటి చోట ఎంపిక ముందే 'వద్దు' మీద ఉంటుంది. 'సరే' మీదకి మనమే జరపాలి. జరిపే ముందు ఒక్క క్షణం ఆగాను. అప్పుడు నా మనసులో వచ్చిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: అమ్మమ్మ ఎక్కడికి పోతుంది, ఉగాదికి వచ్చి మళ్లీ తీయొచ్చు.

తర్వాత పిల్లల్ని 41 ఫొటోలు తీశాను. బాగానే వచ్చాయి.

ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 2న. అమ్మమ్మ మార్చి మధ్యలో పోయింది.

ఆధార్ ఫొటో పెద్దది చేయించే పని తెనాలిలో ఒక స్టూడియోకి అప్పజెప్పాడు మావయ్య. పిన్ని కూతురి పెళ్లికి వీడియో, ఫొటోలు వాళ్లే తీశారు. ఫ్రేము తెమ్మని నన్ను పంపారు. రేపల్లె నుంచి తెనాలికి రైలు, ఆ లైను రేపల్లెతో అయిపోతుంది, అక్కణ్ణుంచి ముందుకి పట్టాలు లేవు. ఆంధ్రా ప్యారిస్ అని ఎందుకంటారో కాలవల పక్క నడిచినప్పుడల్లా అర్థమైనట్టే ఉంటుంది, బజార్లోకి రాగానే మర్చిపోతాం.

స్టూడియోలో ఫ్రేము ప్యాక్ చేస్తుంటే బల్ల మీద ఒక ప్లాస్టిక్ పెట్టె కనపడింది. మందుల డబ్బాలాగా గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో మెమరీ కార్డు, కొన్ని బోర్లా కొన్ని వెల్లకిలా. ఏంటని అడిగితే స్టూడియో ఆయన, "వెల్లకిలా ఉన్నవి ఖాళీ అండీ. బోర్లా ఉన్నవి పెళ్లిళ్లు. రెండు చోట్ల కాపీ అయి, ఆ కాపీలు తెరిచి చూసుకునేదాకా వాటి జోలికి పోం. కార్డు పోయిందని చెప్పి వాళ్లకి మళ్లీ పెళ్లి చేయించలేం కదా," అన్నాడు. కాలక్షేపానికి చెప్పిన మాటే. నా గొంతులో ఏదో అడ్డం పడింది. కార్డు నా పర్సులోనే ఉంది. రెండు నెలలుగా అందులోనే ఉంది. జరిగిందంతా ఆయనకి చెప్పాను. మొదటిసారి బయటివాళ్లకి, అసలు ఎవరికైనా, చెప్పడం అదే.

ఆయన ఒకటే ప్రశ్న వేశాడు. "ఫార్మాట్ కొట్టాక దాని మీద మళ్లీ ఏమన్నా తీశారా?"

"నలభై ఒకటి."

"అయ్యో. ఆ తర్వాత?"

"ముట్టుకోలేదండీ. పిల్లల ఫొటోలు కూడా దింపలేదు."

"మంచి పని చేశారు."

కార్డు తీసుకుని ట్యూబులైటు కింద వెనక్కి తిప్పి చూశాడు. ఎస్‌డీ కార్డు వెనక వరసగా బంగారు పూత వేసిన తొమ్మిది రేకులుంటాయి, కెమెరాకీ కార్డుకీ మాటలు నడిచేది వాటి మీదే. "జిడ్డండీ ఇది," అన్నాడు. నేనూ చూశాను. రెండు మూడు రేకుల మీద సన్నగా, వేలు ఆనినట్టు, పసుప్పచ్చటి మసక. దూది పుల్లకి చుక్క స్పిరిట్ అద్ది నెమ్మదిగా తుడిచి, ఆరనిచ్చి, పక్కనున్న తాళం మీటని లాక్ వైపుకి నెట్టి, రీడర్‌లో పెట్టాడు. ఠక్కున తెరుచుకుంది. తీసి పెట్టినా తెరుచుకుంది, మళ్లీ తీసి పెట్టినా తెరుచుకుంది. "కార్డుకేం జబ్బు లేదండీ," అన్నాడాయన, నాకు ధైర్యం చెబుతున్నాననుకుని.

ఆ రోజు కెమెరా చెప్పింది ఒక్కటే, కార్డు నాకు సరిగ్గా అందడం లేదు అని. లోపల ఫొటోలు పాడయ్యాయని అది ఎక్కడా అనలేదు. చొక్కా కొసతో తుడిచినా పనిచేసి ఉండేదేమో. ఆ జిడ్డు ఎవరిదో చెప్పలేను. అరిసెలు నేనూ తిన్నాను, నా వేళ్లకీ నెయ్యి ఉంది.

లాక్ మీట గురించి ఒక మాట. అది నిజానికి తాళం కాదు, ఉత్త ప్లాస్టిక్ ముక్క. దాన్ని జరిపిన సంగతి కార్డులోపల చిప్‌కి తెలియదు. కెమెరానో రీడరో ఆ మీట ఎటుందో చూసి, మర్యాదకి రాయడం మానుకుంటుంది. చాలా రీడర్లు మర్యాదస్తులే గానీ అన్నీ కాదు. అందుకే స్టూడియో ఆయన చెప్పింది: ఇక దీన్ని ఏ కెమెరాలోనూ పెట్టకండి, ముందు కార్డు మొత్తానికి కాపీ తీసి, ఆ కాపీ మీద పని చేసుకోండి. ఇది నేను వేరేవాళ్లకి నేర్పాల్సిన పాఠం. నేను డేటాబేస్‌ల మీద పనిచేసి జీతం తీసుకుంటాను. ఆఫీసులో సర్వర్ పడిపోతే ఎవరన్నా కంగారుగా కీబోర్డు మీద చెయ్యేస్తే, "ముందు చేతులు తియ్యి, లాగ్ చూద్దాం," అని అరిచేది నేనే.

ఫార్మాట్ అంటే ఏం జరుగుతుందో తెలియాలంటే మా ఊరి సంగతి చెబితే సరిపోతుంది. అమ్మమ్మ పోయిన మూడు వారాలకి, ఏప్రిల్ 4న, రాష్ట్రంలో కొత్త జిల్లాలొచ్చాయి. రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. అమ్మమ్మ మరణ ధ్రువపత్రంలో గుంటూరు జిల్లా అని ఉంది. ఇప్పుడు ఆ కాగితం పట్టుకుని గుంటూరు జిల్లా జాబితాలో వెతికితే రేపల్లె అనే ఊరే దొరకదు. ఇల్లు మాత్రం వేప చెట్టు పక్కన అక్కడే ఉంది. కార్డులో కూడా అంతే. ఏ ఫొటో ఏ గడిలో మొదలై ఏ గడిలోకి వెళుతుందో చెప్పే పట్టిక ఒకటి ముందు భాగంలో ఉంటుంది, దాన్నే ఫ్యాట్ అంటారు. కెమెరా మామూలుగా చేసే ఫార్మాట్ ఆ పట్టికని మాత్రం తుడిచి తెల్లకాగితం పెడుతుంది. ఫొటోల గడుల జోలికి వెళ్లదు, వెళ్లడానికి టైము పడుతుంది కాబట్టి. అసలు ఇళ్లు కూలేది ఎప్పుడంటే, ఖాళీ స్థలమే కదా అని ఆ గడుల మీద కొత్త ఫొటోలు కట్టినప్పుడు. (ఫ్యాట్‌ని మైక్రోసాఫ్ట్‌లో మొదట తయారుచేసిందీ 1977లోనే. ఈ ముక్కకి ఇక్కడ అర్థమేమీ లేదు, కళ్లబడి చెబుతున్నాను.)

హైదరాబాదు వచ్చాక కార్డు మొత్తాన్ని మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఒకే ఫైలుగా దింపాను. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది, మధ్యలో చదవలేని చోటు తగిలితే దాన్ని దాటేసి ముందు బాగున్నవి తెచ్చుకుని, తర్వాత వెనక్కొచ్చి మొండిగా ప్రయత్నిస్తుంది. నా కార్డులో ఒక్క చెడ్డ చోటు కూడా లేదు. తర్వాత ఆ ఫైలు మీద ఫొటోరెక్ నడిపాను. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఫ్రెంచాయన రాసి ఉచితంగా పెట్టిన ప్రోగ్రామ్. అది పట్టికని నమ్మదు. వీధి వీధీ తిరిగి తలుపు కొట్టేవాడిలాగా గడి తర్వాత గడి చూసుకుంటూ పోతుంది. ప్రతి జేపెగ్ ఫొటో ఎఫ్ఎఫ్ డీ8 అనే రెండు బైట్లతో మొదలవుతుంది, ఎఫ్ఎఫ్ డీ9తో ముగుస్తుంది. మొదలు కనపడితే పట్టుకుని చివరిదాకా లాక్కొస్తుంది. ఫైళ్ల పేర్లు పోతాయి, అది ఎఫ్ అక్షరం పెట్టి పక్కన దొరికిన చోటు నంబరు వేస్తుంది. కానీ తీసిన తేదీ, టైము ఫొటో లోపలే రాసి ఉంటాయి కాబట్టి వరస పెట్టుకోవచ్చు.

ఒక గంటకి తొమ్మిది వందల పైన ఫొటోలొచ్చాయి. ఎప్పుడో చెరిపేశాననుకున్నవి కూడా. ఆఫీసు పార్టీలు, ఒక బిర్యానీ ప్లేటు ఏడు కోణాల్లో, ఇప్పుడు మాట్లాడుకోని ఒక ఫ్రెండ్ నవ్వుతూ. అవన్నీ కార్డులో ఇన్నాళ్లూ ఖాళీ అనే పేరుతో ఉన్నాయి. సూర్యలంక 41 వచ్చాయి. రేపల్లెవి 65.

లెక్క సూటిగానే ఉంది. బయల్దేరే ముందు ఫార్మాట్ చేశాను కదా, కాబట్టి అమ్మమ్మ ఫొటోలు కార్డు మొదటి నుంచి తీసిన వరసలోనే పడ్డాయి. బీచ్‌లో మళ్లీ ఫార్మాట్ చేశాక పిల్లల ఫొటోలు కూడా మొదటి నుంచే, వాటి మీదే పడ్డాయి. ముందు తీసినవి ముందు పోయాయి. ముందు తీసినవి అంటే పట్టుచీరవి. 41 పడితే 41 పోవాలి గానీ 38 మీదే సరిపోయాయి. ఆకాశం ఎక్కువున్న ఫొటో తక్కువ చోటు తీసుకుంటుంది, పట్టుచీర నేత ఎక్కువ తీసుకుంటుంది.

మిగిలిన 65లో అమ్మమ్మ ఎలా ఉందో చెప్పాలి. పాత నేత చీర. ఒక దాంట్లో పాకం చూస్తూ గరిటె పైకెత్తి ఉంది, మొహం ఆవిరిలో సగమే కనపడుతుంది. ఒక దాంట్లో నన్నే చూస్తూ ఏదో అంటోంది, ఆ తిట్టు ఏంటో నాకు తెలుసు, ఇక్కడ రాయను. నాలుగు ఫొటోల్లో వీపే. ట్రంకు దగ్గరవి ఇరవై ఉన్నాయి. దిమ్మని రెండు చేతుల్లో పట్టుకుని కిటికీ వెలుతురులో పక్కనుంచి చూస్తోంది, పేజీలు లెక్కపెడుతున్నట్టు. నీళ్లలో నానబెట్టి నెమ్మదిగా విడదీస్తే కొన్ని వస్తాయటనే అమ్మమ్మా అని ఆ రోజు నేనన్నాను. "వస్తే వస్తయ్యి. రాకపోతే ఉన్నయ్యి కూడా పోతయ్యి. ఉండనీరా," అంది. ఆవిడ ఎన్నడూ బడికి పోలేదు.

తను తీయించుకుందామనుకుని తీయించుకున్నవి మాత్రం ఒక్కటీ లేవు. ఆ సంగతి నన్ను వదల్లేదు. దొరికిన 65 బాగున్నాయి, ఫొటోలుగా చూస్తే పట్టుచీర వాటికంటే బాగున్నాయి, ఏ విమర్శకుణ్ణి అడిగినా ఇవే ఎంచుతాడు. కానీ అవి నేను తీసిన అమ్మమ్మ. కుర్చీ సరిచేసుకుని కూర్చున్నది ఆవిడ సొంతం.

ఒక రాత్రి దొరికిన చోట్ల నంబర్లు వరసగా రాసుకుంటుంటే ఒక ఖాళీ కనపడింది. పిల్లల ఆఖరి ఫొటో ముగిసిన చోటుకీ, రేపల్లె ఫొటోల్లో మొదట దొరికినది మొదలైన చోటుకీ మధ్య రెండు మెగాబైట్లు పైన, ఎవరిదీ కాని డేటా. అది 38వ ఫొటో తోక. తల మీద సముద్రం పడింది కాబట్టి ఎఫ్ఎఫ్ డీ8 లేదు, అందుకే ఫొటోరెక్ తలుపు కొట్టి వెళ్లిపోయింది.

తల లేని జేపెగ్‌కి వేరే ఫొటో తల అతికించొచ్చు. అదే కెమెరా, అదే సైజు, అదే క్వాలిటీ అయితే లోపలి లెక్కలన్నీ ఒకటే. పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసుకుని, దొరికిన ఫొటోల్లో ఒకదాని తల తెచ్చి ఈ తోకకి తగిలించడం మొదలుపెట్టాను. మూడు రాత్రులు పట్టింది. మొదట ఉత్త రంగురంగుల గీతలు. జేపెగ్ బొమ్మని చిన్న చిన్న గడులుగా కోసి పైనుంచి కిందకి రాస్తుంది. ప్రతి గడి రంగూ నేరుగా రాయదు, ముందు గడికంటే ఎంత తేడానో అంతే రాస్తుంది. మొదటి గడులు లేకపోతే తేడాలన్నీ ఉంటాయి, దేనికి తేడానో తెలియదు. అందుకని బొమ్మ కుదిరినా రంగు కుదరదు, పక్కకి కూడా జరిగిపోతుంది. మూడో రాత్రి గీతలు సర్దుకున్నాయి. అంతా పాచి రంగు. పై సగం ఏమీ లేదు. కింది సగంలో పట్టుచీర అంచు, కుర్చీ కోళ్లు, గచ్చు మీద ఎండ, ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న చేతులు, గాజులు, పాదాలు.

ఫొటో పైనుంచి కిందకి రాస్తారని చదివినప్పుడు దాని అర్థం ఇలా ఉంటుందని అనుకోలేదు. మొహం పైన ఉంటుంది. పైది ముందు పోతుంది.

ఇంకో సంగతి తెలిసి తెలిసి చెబుతున్నాను, దీనివల్ల నాకు చాలా రాత్రులు నిద్ర లేదు. ఫ్లాష్ మెమరీలో ఒకసారి రాసిన చోటే మళ్లీ రాయడం కుదరదు, ముందు పెద్ద ముక్కగా చెరపాలి. (తోషిబాలో ఫుజియో మసువోకా దీన్ని కనిపెట్టినప్పుడు, ఒక్కసారిగా అంతా చెరిగిపోవడం కెమెరా ఫ్లాష్ వెలిగినట్టుందని ఆయన సహోద్యోగి ఒకాయన ఆ పేరు పెట్టాడు. చెరపడానికి పెట్టిన పేరు అది.) కాబట్టి పిల్లల ఫొటోలు వచ్చినప్పుడు లోపలి కంట్రోలర్ వాటిని వేరే చోట రాసి, పాత గడుల్ని తర్వాత తీరిగ్గా చెరపాల్సిన వాటిలో వేసి ఉండొచ్చు. అంటే అమ్మమ్మ మొహం ఉన్న ముక్కలు చిప్‌లో ఎక్కడో ఇంకా ఉన్నా ఉండొచ్చు. కంట్రోలర్ మనకి చూపించదు. చిప్ విప్పి నేరుగా చదివే ల్యాబులుంటాయి, విప్పాక కార్డు ఇక కార్డుగా ఉండదు. పోనీ అలాగే దాచుకుందామంటే, కరెంటు లేకుండా ఉన్న ఫ్లాష్‌లో చార్జి ఏళ్ల మీద మెల్లగా కారిపోతూ ఉంటుంది. కరెంటు ఇస్తే కంట్రోలర్ మేలుకుని తన శుభ్రం పని మొదలుపెట్టవచ్చు. నేను దాన్ని విప్పించలేదు, వాడలేదు. లాక్ మీట వేసి, ఒక కవర్లో పెట్టి, బీరువాలో పెట్టాను. పంచె ముక్క దిమ్మ ఇప్పుడు పక్కనే ఉంది, మావయ్య నాకిచ్చేశాడు.

సంవత్సరీకానికి వెళ్లేటప్పుడు 65లోంచి పన్నెండు ప్రింట్లు, ఆ సగం ఫొటో కూడా తెనాలిలో తీయించాను. స్టూడియో ఆయన రంగు సరిచేస్తానన్నాడు, పాచి రంగు పోయి చీర ఆకుపచ్చ దగ్గరికొచ్చింది. డబ్బులు తీసుకోలేదు.

రేపల్లెలో భోజనాలయ్యాక అమ్మని వసారాలోకి పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాను. సూర్యలంక, మెసేజ్, 'సరే' మీదకి జరపడం, ఉగాదికి తీయొచ్చు అనుకోవడం. ఏడుస్తుందనుకున్నా, తిడుతుందనుకున్నా. కళ్లజోడు పెట్టుకుని సగం ఫొటోని చాలాసేపు చూసింది. వేలితో చేతుల దగ్గర ఆపి, లోపలికి తిరిగి పిన్నిని కేకేసింది.

"ఒసే, ఇట్రా. గాజులు పోయినయ్యి పోయినయ్యి అని పండక్కి ఇల్లంతా వెతికావే, చూడు ఎవరు వేసుకుందో."